పేగు తిరిగే వైపు

పోయిన నెలలో వసుంధర మేడం సంతాప సభకి ఏలూరు వెళ్ళాను. ఆవిడ మాకు అనాటమీ చెప్పారు. మనిషి శరీరం లోపల ఏది ఎక్కడ ఉంటుందో, అది అక్కడికి ఎలా వచ్చి చేరిందో చెప్పే చదువు అది. సభ ఏదో పెద్ద హాల్లో పెడతారనుకున్నాను గానీ, అనాటమీ విభాగంలోనే కొత్తగా కట్టిన గదిలో పెట్టారు. ఆ గది మధ్యలో మంచమంత అద్దపు బల్ల ఉంది. దాని లోపల నిలువెత్తు మనిషి బొమ్మ పడుకుని ఉంటుంది. వేలు పెట్టి పక్కకి జరిపితే చర్మం తొలగిపోతుంది, ఇంకోసారి జరిపితే కండరాలు తొలగిపోతాయి, ఆ అడుగున గుండె కొట్టుకుంటూ కనిపిస్తుంది. సభకి ఇంకా వేళ ఉందని ఫస్టియర్ పిల్లలు నన్ను ఆ బల్ల చుట్టూ తిప్పి చూపించారు. ఒక పిల్ల పేగుల మీద వేలు పెట్టి గిర్రున తిప్పి, "చూడండి మేడం, ఎటు కావాలంటే అటు తిప్పొచ్చండీ" అంది, కొత్తగా కట్టుకున్న ఇల్లు చూపిస్తున్నంత గర్వంగా. "ఎటు కావాలంటే అటు తిప్పితే బిడ్డ దక్కదు తల్లీ" అన్నాను నేను. నేను పసిపిల్లలకి ఆపరేషన్లు చేసే డాక్టర్నని ఆ పిల్లకి తెలియదు. సంతాప సభకి వచ్చి నవ్వకూడదని పక్కనున్న వాళ్ళు మూతులు బిగించుకున్నారు.

తరవాత మైకు నా చేతికిచ్చారు. నాకు నోరు లేదని మా ఆసుపత్రిలో ఎవరూ అనరు. నా గొంతు మెట్ల మీద వినిపించగానే సిస్టర్లు వార్డు సర్దేస్తారు. అలాంటిదాన్ని ఆ రోజు "మేడం లేకపోతే నేను డాక్టర్ని అయ్యేదాన్ని కాదండీ" అని ఒక్క ముక్క అని కూర్చుండిపోయాను. సంతాప సభల్లో అందరూ అనే మాటే కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నా విషయంలో అది మర్యాద కోసం అన్న మాట కాదు, అక్షరాలా జరిగింది. అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాసుకుంటున్నాను.

మాది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్టుకి వెనక వీధిలో ఇల్లు. కొత్తగా వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే కళ్ళు తుడుచుకునేవాళ్ళు, మాకు మాత్రం ఆ ఘాటు ఉన్నట్టే తెలిసేది కాదు. నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు. ఆదివారం వస్తే చర్చిలో సండే స్కూలు కూడా ఆయనదే. దానికి ఆయన దగ్గర ఒక ఫ్లానెల్ బోర్డు ఉండేది. మడతపెట్టే అట్ట మీద లేత నీలం ఫ్లానెల్ గుడ్డ బిగించి ఉంటుంది. కథలో వచ్చే మనుషుల్ని, జంతువుల్ని అదే రకం గుడ్డతో కత్తిరించి రంగు వేస్తారు. గుడ్డ నూగుని గుడ్డ నూగు పట్టుకుని, జిగురూ మేకూ లేకుండా బొమ్మ బోర్డు మీద నిలబడుతుంది. శనివారం సాయంత్రం అయ్యేసరికి మా ఇంట్లో రెండు వాసనలు కలిసేవి. ఒకటి అమ్మ మర్నాటి చీరలకి పెట్టే గంజి వాసన, రెండోది నాన్నగారు తెరిచిన రేకు పెట్టెలోంచి వచ్చే కలరా ఉండల వాసన. రాజుగారు, గొర్రెలు, ఓడ, ఒక కాలు ఊడిపోయిన ఒంటె, అన్నీ ఆ పెట్టెలోంచి బయటికొచ్చేవి. నూగు లేవాలని పాత టూత్ బ్రష్షుతో ఒక్కొక్కదాన్నీ వెనక నుంచి దువ్వడం నా పని. "రాజుగారికి దువ్వడం అయిందా అండీ? అయితే మీ అమ్మాయిని కూడా ఇలా పంపండి, జడేస్తాను" అని వంటింట్లోంచి అమ్మ దెప్పేది.

ఆదివారం మధ్యాహ్నం కొల్లేటి లంక గ్రామాలకి వెళ్ళేవాళ్ళం. బస్సు దిగి పడవ ఎక్కాలి. బోర్డుని దుప్పట్లో చుట్టి, తడి తగలకుండా నా ఒళ్ళో పెట్టేవారు. అక్కడ చేపలు పట్టేవాళ్ళ పిల్లలు అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాళ్ళు. నాన్నగారు ఎప్పుడూ ఖాళీ బోర్డుతోనే మొదలుపెట్టేవారు. గొర్రెల కాపరి అనే మాట నోట్లోంచి వచ్చాకే కాపరి బోర్డు ఎక్కుతాడు. అతని పని అయిపోగానే దిగిపోతాడు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన అతిథి ఒకాయన ఉత్సాహంకొద్దీ బొమ్మలన్నీ ఒకేసారి అంటించి కథ చెప్పారు. పిల్లలు కథ వినడం మానేసి ఒంటె కాలు ఏమైందని అడగడం మొదలుపెట్టారు. తిరిగి వస్తూ పడవలో నాన్నగారు, "కథ వచ్చాకే బొమ్మ రావాలి తల్లీ. పనైపోయిన బొమ్మ ఉండకూడదు, చూపు దాని మీదే ఉండిపోద్ది" అన్నారు. నాకు అప్పుడు అదేమంత గొప్ప మాటగా అనిపించలేదు. ఒంటె కాలు కొత్తది కుట్టిద్దామా అని అడిగాను.

తెలుగు మీడియంలో చదివి నాకు మెడిసిన్లో సీటు వచ్చింది. మా చర్చిలో ఆ వారం దేవుడి కంటే నా పేరే ఎక్కువ వినిపించిందని అమ్మ నవ్వేది. ఏలూరులో హాస్టల్లో చేరాను. శవాలుంచే ఫార్మలిన్ వాసనకి మొదటి వారం అన్నం సహించలేదు, తరవాత ఉల్లి ఘాటులాగే అదీ అలవాటైపోయింది. ఎముకలు చేత్తో పట్టుకుని చదవొచ్చు, నరాలు కోసి చూడొచ్చు, అవి ఎలాగో వచ్చాయి. ఎంబ్రియాలజీ అని ఒకటుంది. తల్లి కడుపులో పిండం బిడ్డగా ఎలా తయారవుతుందో చెప్పేది. అదే నాకు మింగుడుపడలేదు. అందులో పేగు తిరగడం అని ఒక పాఠం. పిండం చిన్నగా ఉన్నప్పుడు పొట్టలో చోటు చాలక పేగు బొడ్డుతాడులోకి వెళ్తుంది, ఇల్లు చాలక పక్కింట్లో మకాం పెట్టిన పెళ్ళి చుట్టాల్లాగా. అక్కడ కొంత తిరుగుతుంది, చోటు రాగానే వెనక్కొస్తుంది, వస్తూ ఇంకా తిరుగుతుంది. అలా తిరిగితేనే ఏ పేగు ఎక్కడుండాలో అక్కడ కుదురుకుంటుంది. పుస్తకంలో నాలుగు బొమ్మలుండేవి. మొదటి బొమ్మ నుంచి రెండో బొమ్మకి ఎలా వెళ్ళిందో నాకు తెలిసేది కాదు. ఇంగ్లీషు వాక్యాన్ని డిక్షనరీ పెట్టుకుని తెలుగు చేసుకునేసరికి, పేగు ఎటు తిరిగిందో మర్చిపోయేదాన్ని.

కాలేజీలో పెట్టిన పరీక్షలు రెండూ తప్పాను. ఇక యూనివర్సిటీ పరీక్ష మిగిలింది. అది కూడా తప్పితే తోటివాళ్ళంతా రెండో సంవత్సరానికి వెళ్ళిపోతారు, తప్పినవాళ్ళు వెనక ఒక గుంపుగా మిగులుతారు. ఆడ్ బ్యాచ్ అనేవాళ్ళు ఆ గుంపుని. వాళ్ళు మెస్సులో కూడా ఒక మూల కూర్చుని తినడం నేను చూశాను. ఆ వారం భీమడోలు మీదుగా వచ్చే పాసింజరులో చేపల బుట్టల మధ్య కూర్చుని ఇంటికొస్తూ ఒక నిర్ణయానికొచ్చాను. పరీక్ష తప్పానంటే ఇక చదవను, టీచర్ ట్రైనింగులో చేరిపోతాను. ఇంట్లో అదే చెప్పాను. అమ్మకి బాధ కలిగితే అన్నం ఎక్కువ వడ్డిస్తుంది. ఆ రాత్రి నా కంచంలో కొండంత పెట్టింది. నాన్నగారు, "నీ ఇష్టం తల్లీ. బళ్ళో పిల్లలకి చెప్పడం కూడా మంచి పనే" అన్నారు. ఆ గొంతులో బాధ దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

సోమవారం వసుంధర మేడం నన్ను పిలిచారు. ఆవిడ సన్నగా, పొట్టిగా ఉండేవారు. తెల్లకోటు జేబుల్లో ఎప్పుడూ రంగు సుద్దముక్కలుండేవి, కోటంతా హోలీ ఆడినట్టు ఉండేది. బోర్డు మీద బొమ్మ గీస్తే తుడవడానికి మాకు మనసొప్పేది కాదు. ఎందుకు తప్పావని అడుగుతారనుకున్నాను. ఆవిడ నా పేపరు ముందు పెట్టి, "ఎక్కడ ఆగిపోతున్నావమ్మా కృపా?" అని అడిగారు.

"కదిలే చోటండీ" అన్నాను.

"అంటే?"

"నిలబడి ఉన్నంతసేపూ తెలుస్తాదండీ. తిరగడం మొదలెట్టగానే పోతాదండీ."

ఆవిడ చాలాసేపు నవ్వారు. "నాకూ అంతేనమ్మా, చదువుకునే రోజుల్లో. బోర్డు మీద బొమ్మ కదలదు కదా. కదిలేదాన్ని కదలని దాంతో చెప్తున్నాం. తప్పు నీ ఒక్కదానిదే కాదు" అన్నారు. ఒక టీచరు నోటి నుంచి ఆ మాట వినడం నాకు అదే మొదలు. ఆ ధైర్యంతో నాన్నగారి ఫ్లానెల్ బోర్డు గురించి చెప్పాను. ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, "మీ నాన్నగారిని ఒకసారి రమ్మంటావా?" అన్నారు.

నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, దుప్పట్లో చుట్టిన బోర్డు చంకన పెట్టుకుని, రేకు పెట్టె చేత్తో పట్టుకుని రైలు దిగారు. శవాల్ని కోసి చూసే డిసెక్షన్ హాలు లోపలికి రావడానికి భయపడి వరండాలోనే నిలబడ్డారు. మేడం అక్కడికే రెండు కుర్చీలు వేయించారు. ఆవిడ పేగు కథంతా మెల్లగా తెలుగులో చెప్పారు. నాన్నగారు చెవి ఒగ్గి విన్నారు. విన్నాక పెట్టె తెరిచి, రాజుగారి పాత ఎర్ర అంగీ బయటికి తీశారు. "ఇది లివర్ కింద పనికొస్తాదాండీ మేడం గారూ?" అని అడిగారు. పచ్చది పొడుగ్గా కత్తిరించి పేగు చేశారు. అపెండిక్స్‌కి ఒంటె తోక వాడారు. అన్నీ సిద్ధమయ్యాక మేడం వాటిని బోర్డు మీద పేర్చబోతే ఆయన మొహమాటపడుతూనే ఆపారు. "ముందే అన్నీ పెట్టకండి మేడం గారూ. మాట వచ్చాక పెడదామండి." అలాగే ఖాళీ బోర్డుతో మొదలుపెట్టాం. పేగు ఎక్కింది. లివర్ వచ్చి చోటు ఆక్రమించింది. పేగు బయటికి వెళ్ళింది. తిప్పడం నా చేతికి వదిలేశారు. గడియారం ముల్లు తిరిగే వైపుకి ఎదురుగా తిప్పుతూ లోపలికి తేవాలి. నాలుగుసార్లు చిక్కుపడింది. ఆ తరవాత ఎప్పుడో ఒంటె తోక దానంతటదే లివర్ కిందకి వచ్చి, అక్కణ్ణుంచి దిగి పొట్ట కుడివైపు అడుక్కి చేరింది. నాకు ఏడుపొచ్చింది. అర్థమైనందుకు ఏడవడం ఏంటని నాన్నగారు కంగారుపడ్డారు.

మేడంకి ఆ గుడ్డముక్కలతో తృప్తి కలగలేదు. క్లాసులో వందకి పైగా పిల్లలుండేవాళ్ళు, ముందు వరస దాటితే బోర్డు కనిపించదు. గుడ్డముక్క ఇక్కడ తీసి అక్కడ పెట్టగలం గానీ, మధ్యలో దారి చూపించలేం. "ఆ దారే కదమ్మా పాఠం" అనేవారు. ఆడిటోరియంలో కాలేజీ వాళ్ళు కొన్న ప్రొజెక్టరు ఒకటి గుడ్డ కప్పుకుని ఉండేది. దాని మీద ఆవిడ కన్ను పడింది. అప్పటికి కంప్యూటరులో బొమ్మల్ని కదిలించడం తెలిసినవాళ్ళు ఏలూరులో ఎవరయ్యా అంటే, పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాళ్ళే. ఆవిడ చెల్లెలి పెళ్ళి క్యాసెట్ చేసిన కరీముల్లా గారి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. మేడమీద చిన్న గది, కంప్యూటర్ల కోసం పెట్టిన ఏసీ. గుమ్మం బయట చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల అగరొత్తుల వాసన. ఆయన నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. పేగు సంగతి విని, "ఆయ్, చేద్దామండి. పెళ్ళికూతురి మొహంలోంచి పువ్వు రప్పిస్తన్నాం, పేగెంతండీ మేడం గారూ" అన్నారు.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆ తరవాత తెలిసింది. మేడం ఒక్కొక్క దశనీ రంగుల్లో గీసి ఇచ్చేవారు. కరీముల్లా గారు వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ అయ్యేలా చేసేవారు. కరిగేటప్పుడు పేగు ఎక్కడో తెగిపోయేది, లేదా లివర్లోంచి దూసుకుపోయేది. మధ్యలో ఇంకో బొమ్మ గీయాలి. కాలేజీ అయ్యాక ఆ బొమ్మలు తీసుకుని నేనే వెళ్ళేదాన్ని. మొదటిసారి చేసిన దాన్లో ఆయనకి అలవాటైన హంగులన్నీ పెట్టేశారు. పేగు బొడ్డుతాడులోంచి లోపలికి రాగానే సన్నాయి మోగి, తెర నిండా గులాబీ రేకులు రాలాయి. మేడం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నాన్నగారి పద్ధతి చెప్పాను. మాట వచ్చాకే బొమ్మ, పనైపోతే దింపెయ్యాలి. కరీముల్లా గారు తెరవంక చూసి, "నిజమేనండి, రేకులు రాలితే పేగునెవడు చూస్తాడు" అని తన చేత్తోనే అవన్నీ తీసేశారు. అలా చాలా వారాలు గడిచాయి. ఏ మలుపు దగ్గర పేగు ఎలా ఉండాలో ఆయనకి చూపించడానికి నేను గాల్లో చెయ్యి తిప్పుతూ ఉండేదాన్ని. బస్సులో కూడా తిప్పేదాన్ని. పక్కన కూర్చున్న ముసలావిడ ఒకసారి, "చెయ్యి బెణికిందా అమ్మా?" అని అడిగింది.

మా డిపార్ట్‌మెంటు హెడ్ గారు పెద్దాయన, పాతకాలం మనిషి. "శవం ముందు కూర్చోకుండా సినిమా చూసి డాక్టర్లవుతారా?" అని ఆయన వాదన. ఒక్క క్లాసుకి ఒప్పుకున్నారు. తను కూడా వచ్చి కూర్చుంటానన్నారు. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. కిటికీలకి నల్లగుడ్డలు కట్టి ప్రొజెక్టరు పెట్టారు. కరీముల్లా గారు సీడీ తెచ్చి ఇచ్చి, అదృష్టం పరీక్షించుకుంటున్నవాడిలా తలుపు దగ్గర నిలబడ్డారు. తెర వెలిగింది. నేను వెనక వరసలో, తప్పినవాళ్ళు కూర్చునే చోట కూర్చున్నాను. ఖాళీ తెర మీదకి పేగు వచ్చింది, లివర్ వచ్చింది, పేగు బయటికి వెళ్ళింది. అలవాటుకొద్దీ ఒళ్ళో నా చెయ్యి దానితోపాటు తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి ఒకవైపు వెళ్తోంది, తెరమీద పేగు ఇంకోవైపు వెళ్తోంది. నా చెయ్యే తప్పేమోనని ముందు అనుకున్నాను. రెండు పరీక్షలు తప్పినదాన్ని, అలాగే అనుకుంటాను కదా. మేడం తెర వైపు చూడడం లేదు, మా మొహాలు చూస్తూ నిలబడ్డారు. హెడ్ గారు ముందు వరసలో గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తున్నారు. నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఎలా లేచానో గానీ లేచి నిలబడ్డాను.

"మేడం, ఆపండి. అటు కాదండీ."

హెడ్ గారు వెనక్కి తిరిగారు. "ఎటు కాదు?"

"పేగు అటు తిరగకూడదండీ. గడియారానికి ఎదురు తిరగాలండీ. అలా తిరిగితే అపెండిక్స్ ఎడం పక్కకెళ్ళిపోద్దండీ."

"అక్కడ రైట్ అని రాసుంది కదా" అన్నాడు ముందు వరసలో ఒకబ్బాయి. నిజమే, అపెండిక్స్ పక్కనే కుడివైపని రాసి ఉంది. అందరూ ఆ అక్షరాలే చూశారు.

"రాసుంది గానీ, మనకెదురుగా పడుకున్న మనిషికి కుడి అటు కాదు కదండీ" అన్నాను.

"ఏ పుస్తకంలో చదివావు?" అన్నారు హెడ్ గారు.

"చదవలేదండీ. చెయ్యి అటు వెళ్ళలేదండీ."

క్లాసు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. మళ్ళీ మొదటి నుంచి వెయ్యమన్నారు. ఈసారి ఆయన చెయ్యి కూడా గాల్లో తిరగడం చూశాను. తలుపు దగ్గర కరీముల్లా గారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. దగ్గరికొచ్చి, "తప్పు నాదేనండి. మేడం గారు ఆఖరిసారి చూసుకుని వెళ్ళాక చూశానండి, కుడి అన్న మాట ఎడం పక్కనుంది. రాయడంలో పొరపాటు పడ్డారనుకుని, బొమ్మ తిప్పేసి అక్షరాలు మళ్ళీ వేశానండి. పెళ్ళి వీడియోలో పెళ్ళికూతురు అటుపక్క పడితే అలాగే తిప్పేస్తాం కదండీ, లేపోతే పెద్దాళ్ళు ఒప్పుకోరు" అన్నారు. ఎదురుగా ఉన్న మనిషి కుడిచెయ్యి మన ఎడమ చేతి వైపు ఉంటుంది కాబట్టి, అనాటమీ బొమ్మల్లో ఎడమ పక్కన కుడి అని రాస్తారు. అది మాకు మొదటిరోజే చెప్తారు. ఆయనకి చెప్పాలని మాకెవరికీ తోచలేదు. మంచి చెయ్యబోయి ఆ మంచిమనిషి బిడ్డ పొట్టనంతా తిరగేశారు.

"ఈ అమ్మాయేనా రెండుసార్లు తప్పింది?" అని హెడ్ గారు మేడంని అడిగారు. అవునన్నారావిడ. ఆయన కుర్చీలోంచి లేచి, "ఈ సినిమా ఉండనివ్వండి. సరిచేసింది ఒకటి చేయించండి, ఈ తప్పుది కూడా దాచండి. ఏటేటా ముందు తప్పుది వేసి, ఎవరు లేస్తారో చూడండి" అని వెళ్ళిపోయారు. మేడం కరీముల్లా గారికి మంచినీళ్ళిచ్చి, "మీరు తిప్పకపోతే మాకు ఈ పిల్ల దొరికేది కాదండీ" అన్నారు. ఆయన ఆ పొగడ్తని నమ్మాలో లేదో తెలియక నీళ్ళు తాగేశారు.

యూనివర్సిటీ పరీక్షలో ఎక్కడి నుంచో వచ్చిన ఎగ్జామినరు నన్ను వేరే పాఠాలు అడిగారు. పేగు మాటే ఎత్తలేదు. అయినా నాకు భయం వెయ్యలేదు. అన్ని పాఠాల్లోనూ బొమ్మకీ బొమ్మకీ మధ్య దారి వెతుక్కోవడం నాకు అప్పటికి వచ్చేసింది. బొటాబొటీ మార్కులతో పాసయ్యాను. ఇంటికెళ్ళి చెబితే అమ్మ ఆ పూట నాకు చారెడు అన్నం పెట్టి, పాటలు పాడుకుంటూ మళ్ళీ వడ్డించడం మర్చిపోయింది. నేనే లేచి పెట్టుకున్నాను.

ఆ రోజులే బంగారం, ఇప్పటివన్నీ తగరం అనే రకాన్ని కాను నేను. ఆ అద్దపు బల్ల అప్పట్లో ఉంటే మేడం దాన్ని వదిలి ఇంటికెళ్ళేవారు కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఈ రోజు పేగు ఎటు తిరిగిందో అర్థంకాలేదని చదువు మానెయ్యాలనుకోనక్కర్లేదు, అంతకంటే ఏం కావాలి? ఒక్కటే తేడా. మేము ఆ సినిమాని ముక్క ముక్కా అతికి, తెగినచోట గీసుకుని, తప్పులు చేసి, పోట్లాడి చేశాం. అందుకని అది కళ్ళతోపాటు చేతుల్లోకీ ఎక్కింది. బల్ల మీద అన్నీ సిద్ధంగా దొరుకుతాయి, ఎటు తిప్పినా కాదనకుండా తిరుగుతాయి. సభ అయ్యాక, బల్ల మీద పేగులు గిర్రున తిప్పిన ఆ ఫస్టియర్ పిల్లని పిలిచి, కళ్ళు మూసుకుని చేత్తో తిప్పి చూపించమన్నాను. సిగ్గుపడుతూ మొదలుపెట్టి, మధ్యలో ఆగి, వెనక్కొచ్చి మళ్ళీ తిప్పింది. రెండోసారి సరిగ్గా తిప్పింది. వసుంధర మేడం ఉంటే ఆ పిల్లని వెంటనే ఇంటికి తీసుకెళ్ళి కాఫీ ఇచ్చేవారు.

నేను సర్జరీలో శిక్షణ పొందుతున్న రోజుల్లో కొల్లేటి లంక నుంచి ఒక పసిబిడ్డని తెచ్చారు. ఆకుపచ్చగా వాంతులు. వెంటనే పొట్ట తెరవాలి. మా సారు పక్క థియేటర్లో ఇంకో ఆపరేషన్ మధ్యలో ఉన్నారు, మొదలుపెట్టమని కబురు పెట్టారు. తెరిస్తే పేగంతా మెలిపడి నల్లబడి ఉంది. కడుపులో ఉన్నప్పుడు సరిగ్గా తిరగని పేగు ఇలాగే ఏదో ఒకరోజు మెలిపడుతుంది. ఎటు తిప్పాలో పుస్తకాల్లో ఉంటుంది. ఆ క్షణంలో నాకు ఒక్క అక్షరం గుర్తురాలేదు. చెయ్యే వెళ్ళింది. మెలి విడిపోయింది. వెచ్చని తడిగుడ్డ కప్పి నిలబడ్డాం. కాసేపటికి గుడ్డ ఎత్తి చూస్తే నలుపు మెల్లగా విరిగి గులాబీ రంగు తిరుగుతోంది. ఆ తరవాత కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. పాలు తాగితే గానీ పిల్ల దక్కినట్టు కాదు. తాగిన రోజు ఉదయం వార్డు బయటికొచ్చి మేడంకి ఫోను చేశాను.

అంతా విన్నారు. బాగా చేశావని అనలేదు. "ఎటు తిప్పావు?" అని అడిగారు, పరీక్షలో అడిగినట్టు.

"గడియారానికి ఎదురు తిప్పానండీ."

"ఊఁ. పాలు తాగుతోందా?"

"ఇప్పుడే తాగిందండీ మేడం. తాగి నిద్రపోయింది."

అటునుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు మాత్రం వినిపించింది. "ఉండమ్మా, కుక్కరు కూతేస్తోంది" అని ఫోను పెట్టేశారు. నాకు కూతేమీ వినబడలేదు.